పదికి ఎంత?

తెలుగులో ‘నొప్పి’ ఏకవచనంలో ఉన్నంతసేపు ఒంట్లో ఎక్కడైనా ఉండొచ్చు. ముందు ‘కీళ్ళ’ అనో ‘ఒళ్ళు’ అనో చేర్చకుండా బహువచనంలోకి వచ్చిందంటే మాత్రం ఇక ఎక్కడ, ఎందుకు అని అడిగే పనిలేదు. ‘దానికి నొప్పులొస్తున్నాయట’ అంటే చాలు, ఇంట్లోవాళ్ళు లేచి బండి మాట్లాడతారు. కాన్పుకి అంత చోటిచ్చిన భాష, ఆపరేషన్ చేసి బిడ్డని తీసిన తర్వాత ఆ మనిషి పడే నొప్పికి మాత్రం పేరు పెట్టలేదు. అది ఉత్త ‘కుట్ల నొప్పి’. చెయ్యి తెగి నాలుగు కుట్లు పడినా అదే మాట.

భాష సంగతి అలా ఉంచితే, కథలూ సినిమాలూ కూడా అంతే. బయట వరండాలో మొగుడు పచార్లు చేస్తుంటాడు, లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది, అక్కడితో సీను కట్. ఆ ఏడుపు తర్వాతి ముప్ఫై ఆరు గంటలు ఏమయ్యాయని నేను చదివిన కథల్లో వెతికాను. పెద్దగా ఏమీ దొరకలేదు. పుస్తకాల మీద ఏదో ఒకటి రాస్తుండే అలవాటున్నదాన్ని కాబట్టి, ఇది నాకు కొంత వృత్తేతర ఫిర్యాదు కూడా.

ఇది ఎవరో కొద్దిమందికి జరిగే సంగతైతే వదిలేయొచ్చు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. ఎందుకిన్ని, ఎవరి లాభానికి అన్న చర్చ మనం చాలానే చేశాం, చెయ్యాలి కూడా. కానీ ఆ చర్చంతా కోత దగ్గరే ఆగిపోతుంది. కోశాక ఏం చేస్తున్నారు అన్నది ఎవరికీ పట్టినట్టు లేదు. మూడు కాన్పుల్లో దాదాపు రెండు ఆపరేషన్లయిన రాష్ట్రంలో, ఆపరేషన్ తర్వాతి నొప్పి ఆడవాళ్ళు గుసగుసగా చెప్పుకునే విషయంగానే మిగిలింది.

నాకు రెండు సిజేరియన్లు. మొదటిది 2017లో, హైదరాబాదులోనే, ఒక మోస్తరు పేరున్న ఆసుపత్రిలో. ఉదయం పదకొండింటికి వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికి కాళ్ళు నావయ్యాయి. సాయంత్రానికి కడుపు కూడా నాదయింది. ఎనిమిది గంటలకోసారి పారాసెటమాల్ సీసా ఎక్కించారు. మధ్యలో అడిగితే మరో ఇంజెక్షన్. అడగాలి. రాత్రి రెండింటికి పాపకి పాలివ్వడానికి పక్కకి తిరగబోతే, తిరగలేక, మంచం పట్టీ పట్టుకుని అలాగే ఉండిపోయాను. అమ్మ వెళ్ళి సిస్టర్ని పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, వార్డంతటికీ ఒక్కతే ఉన్నట్టుంది. “ఆపరేషనన్నాక నొప్పి ఉండదా అమ్మా?” అంది. విసుగ్గా కాదు, నిజంగా బుజ్జగిస్తున్నట్టే. అమ్మ కూడా తలూపింది. ఖమ్మం దగ్గర పల్లెటూళ్ళో మంత్రసాని చేతిలో ముగ్గుర్ని కన్నావిడ. ఆవిడ లెక్కలో నాది అసలు కాన్పే కాదు. ‘నొప్పులు పడకుండానే పిల్లొచ్చేసిందిగా’ అని చూడ్డానికొచ్చిన చుట్టాలకి చెబుతూ ఉండేది.

తెల్లారి డ్యూటీ డాక్టరు వచ్చి, “నొప్పి ఎంతుందమ్మా, పదికి?” అని అడిగింది. మన పిల్లల్ని పదికి ఎంత అనడిగితే మార్కులే గుర్తొస్తాయి. ఇంజనీరింగ్ దాకా చదివిన బుర్ర, తక్కువ చెబితే ఫెయిలవుతానేమో అన్నట్టు ఒక్క క్షణం ఆలోచించింది. “ఏడు” అన్నాను. ఏడు అని రాసుకుని వెళ్ళిపోయింది. ఏడుకి ఏం చేస్తారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ అంకె కన్నా మన మాటలు ఎక్కువ చెబుతాయి కదా అని తర్వాత అనిపించింది. 1975లో రోనాల్డ్ మెల్జాక్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త, నొప్పిని వర్ణించడానికి రోగులు వాడే 78 మాటల్ని ఇరవై గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మెక్‌గిల్ ప్రశ్నావళి అంటారు. వర్జీనియా వుల్ఫ్ 1926 నాటి వ్యాసంలో తలనొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు చాలవని వాపోయింది. ఆవిడకి తెలుగు రాదు పాపం. మనకి పోటు వేరు, సలుపు వేరు. పుండు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది, కాళ్ళు పీకుతాయి, నరాలు గుంజుతాయి, నడుం కలుక్కుమంటుంది, కడుపులో మెలిపెడుతుంది, కోసినచోట చురుక్కుమంటుంది. ఇవేవీ అలంకారాలు కావు. ఏ నొప్పి ఎక్కడ్నుంచి వస్తోందో చెప్పే కచ్చితమైన గుర్తులు. ఆ రాత్రి నాకు రెండు వేరువేరు నొప్పులున్నాయని మాటల్ని బట్టే తర్వాత అర్థమయింది. ఒకటి పొట్ట అడుగున అడ్డంగా, కదిలితే చురుక్కుమనేది, కదలకపోతే సలిపేది. రెండోది లోపలెక్కడో మెలిపెట్టేది, అదీ పాప పాలు తాగుతున్నప్పుడే.

మొదటిది కోత నొప్పి. చర్మం, కొవ్వు, కండరాల మీది పొర, వీటి కబురు వెన్నుపాము పదో ఛాతీ నరం నుంచి మొదటి నడుము నరం దాకా ఉన్న నరాల గుండా పైకి వెళ్తుంది. రెండోది గర్భసంచిది. బిడ్డ పాలు చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలై, గర్భసంచి ముడుచుకుంటుంది. రక్తస్రావం ఆగడానికి అది కావాలి. దాని నరాల దారి వేరు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చే కథంతా దీనిమీదే నడుస్తుంది.

రెండో కాన్పు 2021లో, వేరే ఆసుపత్రిలో. ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు గదికొచ్చాడు. చిన్నవాడే. ఎలర్జీలూ బీపీలూ అన్నీ అడిగాక, “పోయినసారి తర్వాత నొప్పి ఎలా ఉండిందండీ?” అని అడిగాడు. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి. నేను చెప్పింది మొత్తం విని, ఈసారి చివర్లో టాప్ బ్లాక్ ఇస్తానన్నాడు.

పొట్ట పక్కభాగంలో మూడు కండరాల పొరలుంటాయి. ఒకదాని మీద ఒకటి, పూతరేకుల్లా. అన్నిటికన్నా లోపలి పొర పేరు ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. దానికీ, దాని మీది పొరకీ మధ్య సందులో కోత నొప్పిని మోసుకెళ్ళే నరాలు పరుగెడతాయి. ఆ సందులో రెండు పక్కలా తిమ్మిరి మందు, అంటే బుపివకెయిన్ గానీ రోపివకెయిన్ గానీ, పక్కకి సుమారు ఇరవై మిల్లీలీటర్లు నింపితే, ఆ నరాలు కొన్ని గంటలపాటు మూగబోతాయి. కాళ్ళు కదులుతాయి, మెలకువ ఉంటుంది, మత్తుండదు. కుట్లు అయ్యాక, వెన్ను మత్తు ఇంకా దిగకముందే ఇచ్చాడు కాబట్టి సూది తగిలినట్టు కూడా తెలీలేదు. నేను తల తిప్పి స్క్రీన్ చూస్తూ ఉన్నాను. బూడిదరంగు చారలు మూడు, వాటి మధ్యకి తెల్లటి గీతలా సూది, మందు ఎక్కుతుంటే రెండు చారలు నోరు తెరిచినట్టు విడిపోవడం. “అదిగో, అంతే” అన్నాడు. పావుగంట కూడా పట్టలేదు.

ఆ రాత్రి పక్కకి తిరిగాను. గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతేం కాదు, పక్కకి తిరగడం. బాబుని నేనే దగ్గరికి తీసుకున్నాను. కోత దగ్గర బరువుగా, ఎవరో పుస్తకం పెట్టినట్టు ఉంది, అంతే. మెలిపెట్టడం మాత్రం ఉంది. ఉందంటే, రెండో కాన్పుకి గర్భసంచి నొప్పి ఎక్కువే ఉంటుంది, అలాగే వచ్చింది. టాప్ బ్లాక్ దాన్ని ముట్టుకోదు. అది గోడకి వేసే మందు, ఇంట్లోదానికి కాదు. దానికి పారాసెటమాల్, డైక్లోఫెనాక్ టైముకి ఇస్తూ వచ్చారు. అడక్కుండా. మర్నాడు మధ్యాహ్నానికి కోత నొప్పి తిరిగొచ్చింది, కానీ అప్పటికి నేను లేచి బాత్రూముకి వెళ్ళొచ్చేశాను.

ఇంటికొచ్చాక కుతూహలం ఆగక ఈ బ్లాకు మీద పేపర్లు చదవడం మొదలుపెట్టాను. పేపర్లని కథల్లా చదవడం నాకో జబ్బు. ఈ కథ బాగుంది. 2001లో రఫీ అనే మత్తు వైద్యుడు ఒక చిన్న ఉత్తరంలాంటి వ్యాసంలో, నడుం పక్కన తుంటి ఎముకకి పైనుండే త్రికోణం దగ్గర సూది గుచ్చి, పొర దాటినప్పుడు వచ్చే ‘టప్’ అనే స్పర్శని బట్టి ఈ సందుని పట్టుకోవచ్చని రాశాడు. స్క్రీనూ లేదు, ఏమీ లేదు, వేళ్ళ తెలివే. తర్వాత ఐర్లండ్‌లో మెక్‌డానెల్ బృందం 2008లో 50 మంది సిజేరియన్ అయిన ఆడవాళ్ళ మీద దీన్ని పరీక్షించింది. సగంమందికి మందు, సగంమందికి ఉప్పునీళ్ళు. 48 గంటల్లో ఉప్పునీళ్ళవాళ్ళకి సగటున 66 మిల్లీగ్రాముల మార్ఫిన్ కావలసొస్తే, మందువాళ్ళకి 18 సరిపోయింది. ఇంత తేడా నొప్పి పరిశోధనల్లో అరుదు. ఈలోగా అల్ట్రాసౌండ్ తోడయింది, ప్రపంచమంతా ఎగబడింది.

ఇక్కడ నాలోని ఇంజనీరుకి ఒక అనుమానం. ఏ పోలికలోనైనా ముందు చూడాల్సింది దేనితో పోల్చారని. ఆ 50 మందిలో ఎవరికీ వెన్ను ఇంజెక్షన్లో మార్ఫిన్ కలపలేదు. కలిపితే? తర్వాతి అధ్యయనాలు అదే అడిగాయి. వచ్చిన జవాబు బ్లాకు అభిమానులకి నచ్చేది కాదు. వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడే దాంతోపాటు చిటికెడు మార్ఫిన్, అంటే మిల్లీగ్రాములో పదో వంతు, కలిపితే, దాదాపు రోజంతా రెండు రకాల నొప్పినీ తగ్గిస్తుంది. అది ఇచ్చాక టాప్ బ్లాక్ కూడా ఇస్తే అదనంగా ఒరిగేది చాలా తక్కువ. సిజేరియన్ నొప్పి మీద యూరప్ నిపుణుల మార్గదర్శకాలు కూడా దాదాపు ఇలాగే ఉన్నాయి: పారాసెటమాల్, డైక్లోఫెనాక్ జాతి మందులు అందరికీ టైముకి, వెన్నులో కొంచెం మార్ఫిన్, అది కుదరకపోతే బ్లాకులు లేదా కోత చుట్టూ తిమ్మిరి మందు. మార్ఫిన్‌తో దురద, వాంతులు వస్తాయి. అరుదుగా ఊపిరి మందగించొచ్చు కాబట్టి రాత్రంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

అంటే బ్లాకు రెండో దారి. మొదటి దారి మూసుకుపోయినచోట అదే దిక్కు. మన దగ్గర మొదటి దారి ఎందుకు తరచూ మూసుకుపోతుందన్నది ఇంకో కథ.

మనం ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో ఒకళ్ళం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండి, నీమచ్, గాజీపూర్ సర్కారీ కర్మాగారాల్లో శుద్ధై, పరాయి దేశాల మందుల కంపెనీలకి కూడా వెళ్తుంది. ఇక్కడి రోగికి మాత్రం మార్ఫిన్ దొరకడం కష్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సులు, రిజిస్టర్లు, భయాలు. 2014లో సవరించి సడలించారు. కానీ మూడు దశాబ్దాల భయం ఒక్క సవరణతో పోదు. వెన్నులో ఇవ్వదగ్గ, ప్రిజర్వేటివ్ లేని మార్ఫిన్ చాలా ఆసుపత్రుల అల్మరాల్లో ఉండదు. ఉన్నా, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిస్టర్లు ఉండరు. 2017 నాటి నా వార్డులో ఉన్న ఆ ఒక్క అమ్మాయిని గుర్తుచేసుకుంటే, మార్ఫిన్ ఇవ్వనందుకు ఆ డాక్టర్లని తప్పు పట్టాలనిపించదు. ఒక్క నర్సుని పెట్టిన యాజమాన్యాన్ని పట్టాలనిపిస్తుంది.

సరే, రెండో దారి చూద్దామంటే, అక్కడ ఇంకో చట్టం కాపలా. కడుపులో బిడ్డ ఆడా మగా తేల్చడాన్ని నిషేధించిన 1994 చట్టం. దాని కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ రిజిస్టర్ చేయించాలి, ఎక్కడ పెడతారో, ఎవరు వాడతారో రాసివ్వాలి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం మీద ఆంక్షలు. మత్తు డాక్టర్లు నరం వెతుక్కోవడానికి వాడే యంత్రమైనా సరే. చాలామంది మత్తు డాక్టర్లు నాలుగైదు ఆసుపత్రులు తిరిగేవాళ్ళు. సంచిలో యంత్రం పెట్టుకు తిరగడం కుదరని పని. ఆ చట్టం ఉండకూడదని నేను అనను. మా అమ్మమ్మ తరంలో ఏ ఇంట్లో ఏం జరిగిందో వింటూ పెరిగినదాన్ని, ఒక ఆడపిల్ల తల్లిని. కానీ పుట్టబోయే ఆడపిల్లని కాపాడే కాగితం, ఆమెను కన్న మనిషి నొప్పికి అడ్డంపడుతున్నప్పుడు, ఆ కాగితంలో ఒక గడి మార్చడం అసాధ్యం కాకూడదు కదా. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని పర్మిషన్ల సమస్య అంటాం. ఒకళ్ళకి తాళం వెయ్యబోయి అందరికీ వేసెయ్యడం.

మత్తు విషయంలో హైదరాబాదుకి ఒకప్పుడు ప్రపంచంలో పేరుండేది. క్లోరోఫామ్ ప్రమాదకరమా కాదా తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపించాడు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పెద్ద. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అంతటివాడు వచ్చాడు. వందల కుక్కల మీద ప్రయోగాలు చేసి, చూడాల్సింది నాడిని కాదు ఊపిరిని అని తీర్పు చెప్పారు. ఆ తీర్పు సగమే నిజమని, క్లోరోఫామ్ గుండెని నేరుగా కూడా ఆపగలదని 1911లో లీవీ అనే ఆయన చూపించాడు. అది వేరే సంగతి. ఆ రోజుల్లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటారు. ఆపరేషన్ బల్ల మీది నొప్పి గురించి ఈ ఊరు నూట ముప్ఫై ఏళ్ళ కిందటే అంత పట్టించుకుంది. బల్ల దిగాక సంగతే.

ఇంట్లో వ్యతిరేకత ఎదురవుతుంది, అదీ చెప్పాలి. మా అత్తయ్య రెండోసారి బ్లాకు మాట విని, “మళ్ళీ ఇంకో రెండు సూదులా? ఒకసారి నడుముకి పొడిపించుకున్నందుకే జన్మంతా నడుం నొప్పంటారు” అంది. వెన్ను మత్తు వల్ల ఏళ్ళకేళ్ళు నడుం నొప్పి వస్తుందన్నదానికి అధ్యయనాల్లో ఆధారం దొరకలేదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, ఆవిడకి నడుం నొప్పి ఉంది కాబట్టి. రెండో భయం పాలది. మందులన్నీ పాలల్లోకి దిగుతాయని. ఇందులో కొంత నిజముంది. ట్రమడాల్, కోడీన్ పాలిచ్చే తల్లులకి వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పారాసెటమాల్‌తో ఆ బెడద లేదు. బ్లాకులో మందు ఎక్కువగా వేసినచోటే పనిచేస్తుంది కాబట్టి, తల్లికి మత్తూ రాదు, అలాంటి మాత్రల అవసరమూ తగ్గుతుంది. అత్తయ్యకి ఇది నచ్చింది. మనవడి కోసం ఒప్పుకుంది. నాకోసం అడిగుంటే ఏమనేదో.

మూడో వ్యతిరేకతకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, కోపమే ఉంది. ఓర్చుకోవడమే తల్లితనం అన్న మాట. నొప్పి పడకుండా కన్నవాళ్ళకి ప్రేమ ఎక్కడినుంచి వస్తుందని ఒకావిడ నా మొహం మీదే అడిగింది. 2008లో అమెరికాలో 1288 మంది బాలింతల్ని గమనించిన అధ్యయనంలో, కాన్పయిన తొలి గంటల్లో తీవ్రమైన నొప్పి పడినవాళ్ళకి, రెండు నెలల తర్వాత కూడా నొప్పి మిగిలే అవకాశం రెండున్నర రెట్లు, దిగులు జబ్బు అవకాశం మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. నార్మలా ఆపరేషనా అన్నది కాదు, నొప్పి ఎంత అన్నదే లెక్కకొచ్చింది. నొప్పి వల్లే దిగులు వచ్చిందని దీన్నుంచి తేల్చలేం. కానీ మొదటి కాన్పు తర్వాత నేను రెండు నెలలు ఎందుకు ఎవరితోనూ మాట్లాడలేదో ఆలోచించడానికి నాకో దారి దొరికింది. అప్పుడు దాన్ని పొగరన్నారు.

బ్లాకుని మంత్రంలా చెప్పడం నా ఉద్దేశం కాదు. కొందరికి సరిగ్గా పట్టదు, ఒక పక్క మొద్దుబారి రెండో పక్క మామూలుగా ఉండొచ్చు. మందు మోతాదు మించితే, లేదా పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే, ఫిట్స్ రావొచ్చు, గుండె లయ తప్పొచ్చు. గర్భిణులకి ఆ ప్రమాదం కొంచెం ముందే వస్తుంది. అందుకే బరువుని బట్టి లెక్క కట్టాలి, విరుగుడుగా వాడే కొవ్వు ద్రావణం గదిలో సిద్ధంగా ఉండాలి. తెలిసినవాళ్ళ చేతిలో చెయ్యాల్సిన పని.

పోయిన నెల ఖమ్మంలో మా పిన్ని కూతురికి కాన్పు. ఎదురుకాళ్ళ బిడ్డ, ఆపరేషన్ తప్పదన్నారు. ముందురోజు ఫోన్ చేసి, “అక్కా, నువ్వేదో చెప్పావే, ఏం అడగాలి?” అంది. నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపాను. వెన్ను ఇంజెక్షన్లో మార్ఫిన్ కలుపుతారా? లేకపోతే పొట్టకి బ్లాక్ ఇస్తారా? అదీ లేకపోతే కుట్లు వేసేటప్పుడు కోత చుట్టూ తిమ్మిరి మందు ఎక్కిస్తారా? రాత్రి నొప్పి మందు టైముకి ఇస్తారా, అడిగితేనా? మార్ఫిన్ లేదన్నారట. యంత్రమూ లేదన్నారట. మూడోదానికి డాక్టరమ్మ, “ఆ, ఎక్కిస్తాను, దానికేముంది” అందట. యంత్రం అక్కర్లేదు, మందు ఖర్చు వందల్లో. నాలుగోదానికి కాస్త నవ్వి, కేసు షీటు మీద టైములు రాయించిందట.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాను. పడుకునే మాట్లాడింది. పదికి ఎంత అనడిగితే నాలుగంది. నాలుగంటే ఎలా ఉందే అన్నాను. “తుమ్మితే చురుక్కుమంటోంది. పాలిస్తుంటే లోపల మెలిపెడుతోంది. ఊరికే ఉంటే ఏం లేదక్కా” అంది. పక్కన బిడ్డ ఏడుపు అందుకుంటే, ఉండు అని ఫోన్ మంచం మీద పెట్టేసింది.